ఏడు గంటల ప్రయాణం

"చదివించలేదక్కా. చదివించంది విన్నట్టు ఎట్టా అవుద్ది?"

హనుమయ్య ఈ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి గొంతులో కాస్త జంకు వినపడింది. రెండోసారికి ఆ జంకు పోయింది. మూడోసారికి తను చెబుతున్నది ధర్మశాస్త్రమే అన్న ధీమా వచ్చేసింది కాబోలు, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గోడ గడియారం వంక చూశాడు. తొమ్మిదిన్నర అయింది.

శేషమ్మ తమ్ముడి మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆమెకి ఒక చేతిలో హనుమయ్య నల్లకోటు, ఇంకో చేతిలో టెలిగ్రాం కాయితం ఉన్నాయి.

నరసరావుపేట ఎండల్లో, వైశాఖమాసంలో, ఉన్నికోటు తొడుక్కుని తిరిగే మొనగాడు హనుమయ్య ఒక్కడే. అది విమానం కోసం కుట్టించుకున్న కోటు. కార్తీకంలో ఢిల్లీ వెళ్ళి నూనెమిల్లు యంత్రానికి పర్మిట్ తెచ్చుకున్న దగ్గర్నుంచి, తను గాల్లో ఎగిరిన సంగతి ఊరు ఎక్కడ మరిచిపోతుందోనని, చెమటలు కక్కుకుంటూ దాన్నే వేసుకుంటున్నాడు. ఈ పూట వియ్యంకుడి ఎదుట వేసుకోవాలి, ఇస్త్రీ చేయించి పెట్టమన్నాడు. చాకలికిచ్చే ముందు జేబులు తడిమితే శేషమ్మ చేతికి దొరికింది ఈ కాయితం.

సోమవారం సాయంత్రం వచ్చింది అది. ఇవాళ గురువారం. ఈ మూడు రోజులూ తోడబుట్టినవాడి చావు జేబులో పెట్టుకుని ఈ పెద్దమనిషి పందిళ్ళు వేయించాడు, అరటిబోదెలు కట్టించాడు, మాచర్ల నుంచి బస్సు కట్టించుకు వచ్చిన మగపెళ్ళివారికి ఎదురెళ్ళి అత్తర్లు పూశాడు.

"తంతి ఎందుకొస్తదో నీకు తెలవదంట్రా?" అంది శేషమ్మ.

"పెళ్ళికి దీవెనలు పంపుతారంట. పట్నాల్లో అట్టాంటి తంతులు కూడా ఉన్నయ్యి. అదే అయ్యుంటది అనుకున్నా."

"దీవెనైతే పందిట్లో నిలబడి పదిమంది చేత చదివించేవాడివి. జేబులో దాచేవాడివా?"

ఇరుకున పడ్డప్పుడు గడియారం చూడటం హనుమయ్యకి చిన్నప్పటి నుంచీ లేదు, ఈ మధ్యే వచ్చిన అలవాటు. గడియారం వంక చూసి, "సాయంత్రం దాకా ఆగితే నీ సొమ్మేం పొయ్యేదే అక్కా?" అన్నాడు.

సాయంత్రం నాంది. నాంది జరిగిపోతే ఆ తర్వాత ఏ చావు కబురు చెవిన పడ్డా పెళ్ళి ఆగదు, మైల అంటదు. అది అందరికీ తెలిసిందే. హనుమయ్య సోమవారమే లెక్క వేసుకున్నాడు. గురువారం సాయంత్రం దాకా ఇంగ్లీషు రానివాడిగా బతికేస్తే చాలు, శుక్రవారం తెల్లవారుజామున కూతురి మెడలో తాళి పడుతుంది. ఇంగ్లీషు రాకపోవడం నిజమే గనక అబద్ధం ఆడినట్టు కూడా అవదు.

అడ్డం పడింది కోటు.

కాయితం చదివింది పెళ్ళికూతురు రమాదేవి. ఆ ఇంట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చింది ఆ పిల్లకే. ఒంటికి రాసిన పసుపింకా ఆరలేదు. మేనత్త అందించిన కాయితం విప్పి కూడబలుక్కుని, "బాబాయి శనివారం రాత్రి పోయాడత్తా" అని, గడప మీద కూలబడింది. తరవాత ఎవరూ ఆ పిల్లని పట్టించుకోలేదు. వాళ్ళ నాన్నా, మేనత్తా అప్పటికే మొదలుపెట్టేశారు.

శ్రీనివాసరావు శేషమ్మకి తమ్ముడన్న పేరే గానీ కొడుకే. తల్లి పురిట్లో పోతే, పదహారేళ్ళకే ముత్తైదువతనం పోగొట్టుకుని పుట్టింటికి చేరిన శేషమ్మ ఒళ్ళో ఇరవై రోజుల గుడ్డుని పెట్టారు. వాడికి అన్నప్రాశన చేసింది ఆమె, అక్షరాభ్యాసానికి పలకా బలపం కొన్నది ఆమె. వాడు పెద్దవాడై, ఢిల్లీలో సర్కారు ఉద్యోగం సంపాదించి, ఆసుపత్రిలో నర్సుగా చేసే శివపార్వతి అనే కులం కాని పిల్లని రిజిస్టరు పెళ్ళి చేసుకుంటే, ఆరేళ్ళ కిందట ఈ పంచలోనే నిలబడి "నాకు తమ్ముడు లేడు" అన్నవాడు హనుమయ్య. ఆ రోజూ ఆయన చూపులు ఇలాగే గోడల మీద తిరిగాయి.

"వాడు పోయాడ్రా," అంది శేషమ్మ. "మన సీనుగాడు పోయాడు. నువ్వు ముహూర్తం లెక్కలు చెబుతున్నావు. నన్ను ఈ ఇంట్లో కూచోబెట్టి ఏడవనియ్యి. ఇంకేం అడగను."

"ఏడవాకు!" హనుమయ్య రెండు చేతులూ అడ్డం పెట్టాడు, ఏడుపు గుమ్మం దాటి బయటికి పరిగెత్తబోతున్నట్టు. "నీకు దణ్ణం పెడతా, ఈ ఒక్క పూట ఏడవాకు. వారం పోతే మూఢం. మళ్ళా ముహూర్తం శ్రావణంలో గానీ లేదు. మగపిల్లాడి తండ్రి చెన్నకేశవరావు ఎట్టాంటివాడో నీకు తెలవదా? గుంటూరు మిల్లువాళ్ళు పిల్లనిస్తామని ఆయన వెంట పడుతున్నారు. ఇయ్యాల ఆగితే ఈ సంబంధం పోయినట్టే. రమకి ఇట్టాంటి చదువుకున్న పిల్లాడు మళ్ళా దొరుకుతాడా?"

హనుమయ్య భార్య మణెమ్మ వంటింటి తలుపు చాటు నుంచి, "వొదినా, మెల్లగా. విడిదింటికి వినపడుద్ది," అంది. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా మణెమ్మ అంటున్నది ఆ ఒక్కమాటే. ఎప్పుడూ ఎవరికో వినపడుతుందనే ఆమె భయం.

శేషమ్మ గడప వైపు చూసింది. రమాదేవి తల వంచుకుని కాయితం వంకే చూస్తోంది. ఈ పిల్లనీ పెంచింది ఆమే. తమ్ముడి కోసం ఏడిస్తే మేనకోడలి పెళ్ళి పోతుంది. ఏడవకపోతే ఆ తమ్ముడు ఈ ఇంట్లో ఎప్పుడూ పుట్టనట్టే. హనుమయ్యకి ఇందులో సందిగ్ధం ఏమీ కనపడకపోవడం చూస్తే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

పిలిపించగా పురోహితుడు పేరావధాని వచ్చాడు. విషయం విని, ముందు కాళ్ళు కడుక్కున్నాడు, తర్వాత పీట మీద కూర్చున్నాడు, అటుపిమ్మట "అయ్యో" అన్నాడు. ఆ క్రమంలోనే.

"ఏకోదరుడు పోతే పదిరోజుల మైలండీ. నాందికి ముందే వినేశారు కనక పెళ్ళి కుదరదు."

"ఏదో ఒక దారి చూడండి," అన్నాడు హనుమయ్య.

పేరావధాని కళ్ళు మూసుకుని వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు. "ఉంది. దేశాంతరంలో పోయినవాడి విషయంలో, విన్న మీదట తలస్నానం చేసి జంధ్యం మార్చుకుంటే చాలునని చెప్పే పెద్దలున్నారు. ఇక్కడికీ అక్కడికీ నడుమ మహానది ఉండాలి, పర్వతం ఉండాలి, భాష మారాలి. కబురు అందడానికి రోజుల తరబడి పట్టేంత దూరం కావాలి."

హనుమయ్య మొహం వికసించింది. "ఇంకేం మరి! నడుమ కృష్ణ ఉంది, గోదావరి ఉంది, నర్మద ఉంది. వింధ్య పర్వతం ఉంది. అక్కడ తెలుగు మాట్టాడితే మంచినీళ్ళు పుట్టవు. దేశాంతరం కాక ఇంకేంది?"

"అవునండీ. కానీ మాఘమాసంలో అమ్మవారి ఉత్సవం..." అని పేరావధాని నసిగాడు.

ఆ ఉత్సవం సంగతి ఊరందరికీ గుర్తే. అప్పటికి హనుమయ్య గాల్లోంచి దిగి మూడు నెలలు కాలేదు. రత్తయ్య అనే వర్తకుడి పెదనాన్న కొడుకు బొంబాయిలో పోతే, దేశాంతరమని తలస్నానం చేసి రత్తయ్య అమ్మవారి పల్లకీ పట్టబోయాడు. హనుమయ్య కోటుతో సహా లేచి నిలబడ్డాడు. విమానాలు తిరిగే రోజుల్లో దేశాంతరమేందని పేరావధానిని పదిమందిలో నిలదీశాడు. మద్రాసు నుంచి ఢిల్లీ పదకొండు వందల మైళ్ళని, ఏడే గంటలని, పొద్దున తిన్న ఇడ్లీ అరగకముందే దిగానని, ఇక చంద్రమండలం తప్ప దేశాంతరం అనేది లేదని తీర్పు చెప్పాడు. రత్తయ్య పల్లకీ బొంగు వదిలేసి తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆ బొంగు పట్టుకున్నది హనుమయ్యే.

"ఆ రోజు నేను ఒప్పుకున్నానండీ," అన్నాడు పేరావధాని. "బొంబాయి దగ్గరైనప్పుడు ఢిల్లీ దూరమెలా అవుతుంది? రేపు రత్తయ్య వచ్చి అడిగితే నేనేం చెప్పుకోను?"

"అడుగుతాడు. ఎందుకడగడు?" అంటూ గుమ్మంలో గొంతు వినపడింది.

మణెమ్మ భయపడ్డంతా అయింది. విడిదింటికి వినపడింది. చెన్నకేశవరావు చెప్పులు పందిట్లో విడిచి, కండువాతో విసురుకుంటూ లోపలికి వచ్చాడు. పొట్టిమనిషి. ఎదుటివాళ్ళు ఎంత పొడుగున్నా పైనుంచి కిందికి చూసినట్టే చూస్తాడు.

"ఆ ఉత్సవానికి నేనూ ఉన్నా హనుమయ్య గారూ. పెళ్ళిచూపులకొచ్చి ఆగాం గదా. తమరి ఉపన్యాసం చానా బాగుంది. మాచర్ల నుంచి మీ ఊరికి మా బస్సు నిన్న ఆరుగంటలు పట్టింది, రెండుచోట్ల దిగి నెట్టాం. ఆ లెక్కన మాకు మీరే దేశాంతరం. ఢిల్లీ మీకు పక్కిల్లు."

ఆ సమయానికి సాయంత్రం పందిట్లోకి పెట్రోమాక్సు దీపాలు తెచ్చి దించుతున్నాడు నాగూర్ వలి. ఊళ్ళో బస్సులకీ పంపులకీ వైద్యం చేసే మెకానిక్కు. యుద్ధం రోజుల్లో మూడేళ్ళు మద్రాసు విమానాల స్టేషన్లో పనిచేసి వచ్చాడు. పేరావధానికి ప్రాణం లేచివచ్చింది.

"వలీ, నువ్వు చెప్పవయ్యా. నిజంగా ఏడు గంటలేనా?"

నాగూర్ వలి చేతులు తుడుచుకున్నాడు. "గాల్లో ఉండేది ఏడు గంటలు ఉంటదండి, కొంచెం అటూ ఇటూ. నడుమ నాగపూరులో దించుతారు గదా, అది గూడా కలుపుకోవాల."

"నాగపూరులో దిగడమేంది?" అన్నాడు చెన్నకేశవరావు. "ఒక్క ఊపున పోయింది, కాలు కింద పెట్టలేదని హనుమయ్య గారు చెప్పారే?"

"పెట్రోలు పోసుకోవాల గదండి," అన్నాడు నాగూర్ వలి అమాయకంగా. తర్వాత హనుమయ్య మొహం చూశాడు. ఏదో అర్థమై, మరి మాట్లాడకుండా వంగి దీపానికి గాలి కొట్టడం మొదలుపెట్టాడు.

దీపంలోకి గాలి పోతున్న చప్పుడు ఒక్కటే వినపడుతోంది. శేషమ్మ తమ్ముణ్ణే చూస్తోంది. హనుమయ్య కళ్ళు గడియారం మీంచి పేరావధాని మీదికి, అక్కడినుంచి వియ్యంకుడి మీదికి తిరిగాయి. దొంగలెక్క పట్టుబడ్డ గుమాస్తా మొహం పెట్టాల్సిన మనిషి, ఉన్నట్టుండి నవ్వాడు.

"నేను విమానం ఎక్కలేదు," అన్నాడు.

"ఏందీ?"

"ఎక్కలేదండీ! ఒట్టు. కావాలంటే అమ్మవారి మీద చెయ్యేసి చెబుతా. ఎప్పుడో మద్రాసు పోయినప్పుడు దూరం నుంచి చూశా, అంతే. ఆ చప్పుడికే కడుపులో తిప్పింది. రైల్లోనే పోయా. బెజవాడలో ఎక్కితే రెండు రాత్రులు, మూడో రోజుకి గానీ ఢిల్లీ రాలేదు. ఏడు గంటలు గీడు గంటలు అంతా ఉత్తదే. అవధాని గారూ, విమానం లేదు గదా, ఇంక దేశాంతరమే గదా?"

ఆర్నెల్లు మోసిన గొప్పని దించుకోవడానికి అరనిమిషం పట్టలేదు ఆయనకి. శేషమ్మకి నవ్వొచ్చింది. నవ్వాల్సిన రోజు కాదు గనక పెదవి కొరుక్కుంది.

పేరావధాని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "రెండు రాత్రులూ, మూడు నదులూనూ. దేశాంతరమేనండీ. సందేహం లేదు. నూతి దగ్గర తలస్నానం చేసి రండి, సాయంత్రం నాంది యథాప్రకారం."

"తమరు ఎక్కకపోతే ఢిల్లీ దూరం జరిగిపోయిందన్న మాట," అన్నాడు చెన్నకేశవరావు. కండువా మడతపెట్టి భుజాన వేసుకుంటూ లెక్క చూసుకున్నాడు. వచ్చిన చుట్టాలున్నారు, పంచిన శుభలేఖలున్నాయి, బస్సు వాడున్నాడు. "సరే. శాస్త్రం ఒప్పుకుంటే మాకేం. అబద్ధాలకోరు వియ్యంకుడు దొరికాడని మా ఊళ్ళో నవ్వుకుంటారు, అంతేగా. నవ్వితే పిల్లాడికి పోయేదేం లేదు. పోయిన మనిషి పేరు మాత్రం రేపటి దాకా ఈ ఇంట్లో వినపడగూడదు."

"వినపడదండీ," అన్నాడు హనుమయ్య.

మగవాళ్ళు నలుగురూ కలిసి ఒక చావుని ఇంత తేలిగ్గా సర్దేయగలరని శేషమ్మకి అంతవరకూ తెలియదు. మైళ్ళు లెక్కపెట్టారు, గంటలు లెక్కపెట్టారు, నదులు లెక్కపెట్టారు. పోయినవాడికి ఎన్నేళ్ళని ఒక్కడూ అడగలేదు. ముప్ఫై నాలుగు.

హనుమయ్య నూతివైపు అడుగు వేయబోతుంటే, ఆమె అడిగింది.

"కార్తీకంలో పోయి పదహారు రోజులకి గదా వొచ్చావు?"

"ఇప్పుడెందుకే అది?"

"మద్రాసులో పర్మిట్ పనిమీద పద్నాలుగు రోజులు ఉన్నానన్నావు. ఒక పగలు విమానంలో పోయి, మర్నాడే మళ్ళీ విమానంలో వొచ్చానన్నావు. సీనుగాణ్ణి చూశావంట్రా అని నేనడిగితే, 'ఏడు గంటల్లో పోయి ఏడు గంటల్లో వొచ్చే ప్రయాణం, వాడి గుమ్మం తొక్కే టైం ఏది?' అన్నావు. నేను నమ్మా. ఈ విమానం పాడుగాను, మనుషుల్ని చూసుకునే తీరిక కూడా ఉంచదే అని దాన్ని తిట్టుకున్నా. రైలుకి పోను ఆరు రోజులు అనుకో. మిగతా పది రోజులు ఎక్కడున్నావురా?"

"హోటల్లో."

"ఏ హోటల్లో?"

"ఉంటయ్యిలే పట్నంలో హోటళ్ళు సవాలక్ష," అన్నాడు హనుమయ్య, ఆమెని చూడకుండా. చెన్నకేశవరావు మళ్ళీ కూర్చున్నాడు. వినదగ్గది ఏదో రాబోతోందని ఆయనకి తోచినట్టుంది.

"అత్తా," అంది రమాదేవి గడప మీంచి.

అందరూ అటు తిరిగారు. ఆ పిల్ల ఉందన్న సంగతే మరిచిపోయారు.

"కాయితంలో ఇంకా ఉంది. ఇందాక నన్ను చదవనియ్యలేదు మీరు." రమాదేవి కాయితం మీద వేలు పెట్టి చదివింది. "'అస్థికలు కృష్ణలో కలపమన్నారు. తీసుకుని ఈ రాత్రి బండికి మీ ఊరు బయలుదేరుతున్నాను. శివపార్వతి.'"

"ఏ రాత్రి?" అన్నాడు హనుమయ్య.

"సోమవారం ఇచ్చిన తంతి. సోమవారం రాత్రే."

రెండు రాత్రులూ మూడో రోజూ. ఆ లెక్క ఇప్పుడే హనుమయ్య స్వయంగా అమ్మవారి మీద ఒట్టేసి చెప్పాడు. నిన్న సాయంత్రానికి బెజవాడ. రాత్రికి గుంటూరు. ఈ పొద్దుటి పాసింజరు ఇక్కడికి. వినకుండా ఉండటానికని చదివించకుండా దాచాడు గదా, మనిషి బయలుదేరిన సంగతి కూడా దాంతోపాటే కోటుజేబులో పడి ఉంది. సోమవారమే చదివించుకుని ఉంటే గుంటూరులోనే ఆమెకి ఎదురెళ్ళి ఏదో ఒక సత్రంలో దించి, చేతులు పట్టుకుని బతిమాలుకునేవాడు. అతితెలివి మనిషిని ఎంత తెలివితక్కువగా నిలబెడుతుందో శేషమ్మ తీరిగ్గా చూసింది.

"వలీ! పాసింజరు వొచ్చిందా?"

"ఇందాకే కూత వినపడింది శెట్టి గారూ. ఇయ్యాల లేటు."

"పరిగెత్తు. ఒక ఆడమనిషి దిగుద్ది. సత్రానికి తోలుకుపొమ్మను. రెండు రోజులు అక్కడే ఉండమను. ఇక్కడికి మాత్రం..."

నాగూర్ వలి దీపం వంక చూశాడు, శేషమ్మ వంక చూశాడు. "ఇంకా నాలుగు దీపాలకి గాలి కొట్టాలండి," అన్నాడు.

వీధిలో జట్కా ఆగింది.

దిగిన మనిషిని శేషమ్మ ఇంతకు మునుపు చూడలేదు. సన్నగా, చామనచాయగా, మూడు రోజుల రైలు మసితో, ముదురు నీలం నేతచీర కట్టుకుని ఉంది. ఎవరు చెప్పారో, ఎక్కడ నేర్చుకుందో, చేతిలోని ఇత్తడి చెంబుని ఇంట్లోకి తేకూడదన్న పద్ధతి ఆమెకి తెలుసు. మూతికి తెల్లగుడ్డ కట్టిన ఆ చెంబుని రొమ్ముకి ఆనించుకుని పందిరి బయటే ఎండలో నిలబడిపోయింది. పందిరినీ, అరటిబోదెలనీ, మామిడాకులనీ చూసి వెనక్కి ఒక అడుగు వేసింది.

"మీరు శేషమ్మ వదినగారు గదూ," అంది. "పెళ్ళని తెలియదండీ నాకు. తెలిస్తే రాకపోదును."

శేషమ్మ చూపంతా ఆ చెంబు మీదే ఉంది. ఇరవై రోజుల గుడ్డుగా చేతుల్లోకి తీసుకున్నప్పుడు వాడు అంతకంటే పెద్దగా లేడు.

శివపార్వతి చూపు హనుమయ్య మీద పడింది. మొహంలో తెలిసినవాళ్ళు కనపడ్డ ఊరట వచ్చింది. "బావగారూ..." అంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు హనుమయ్య.

ఆమెకి అర్థం కాలేదు. ప్రయాణపు బడలికలో తన మొహం గుర్తుపట్టలేదేమో అనుకుని చెంగుతో మసి తుడుచుకుంది. "నేనండీ, పార్వతిని. కార్తీకంలో పది రోజులు మా ఇంట్లోనే ఉన్నారు గదండీ. ఉపవాసాలని చెబితే ఉల్లిపాయ లేకుండా వండిపెట్టాను. మీ పర్మిట్ కోసం ఆయన సెలవు పెట్టి మరీ చలిలో ఆఫీసుల చుట్టూ మీతో తిరిగారు. అప్పుడు పట్టుకున్న దగ్గేనండీ. మళ్ళీ తగ్గలేదు."

చెన్నకేశవరావు మెల్లిగా తల తిప్పి హనుమయ్యని చూశాడు. మైలకైతే తలస్నానం ఉంది. కులం కాని ఇంట్లో పది రోజులు తిన్న కూటికి పేరావధాని ఏ పెద్దల మాట వెతుకుతాడో చూద్దామన్నట్టు ఉంది ఆ చూపు. పేరావధాని అప్పటికే పీట మీంచి లేచి, ఎక్కడా దేన్నీ తాకకుండా, అరుగు చివరికి జరిగాడు.

"వదినగారూ," అంది శివపార్వతి, ఏదో తప్పు మాట అన్నానని తెలిసి, ఏది తప్పో తెలియక కంగారుపడుతూ. "మీరు బావగారి చేత పంపిన గోంగూర పచ్చడి ఆయన నెల రోజులు దాచుకుని తిన్నారండీ. మీకు ఉత్తరం రాస్తానంటే బావగారు వద్దన్నారట. ఇంట్లో తెలిస్తే గొడవలవుతాయన్నారట."

ఆ జాడీ మద్రాసు హోటల్లోనే వదిలేశానని చెప్పాడు హనుమయ్య. విమానంలో మనుషుల్నీ మూటల్నీ కాటా వేస్తారని, బరువు ఎక్కువైందని చెప్పాడు. ఆ పచ్చడి ఏ హోటలువాళ్ళు పారేశారోనని శేషమ్మ ఎన్నాళ్ళు కుమిలిందో దేవుడికే తెలియాలి. వాడు తిన్నాడు. వాడికి చేరింది. చేరిందన్న ఒక్కమాట చెప్పడానికి ఈ మనిషికి నోరు రాలేదు. వాడు బతికుండగా ఆ సంతోషం కూడా తనకి దక్కకుండా ఏడుగంటల కథ ఒకటి అల్లి అడ్డం పెట్టాడు.

"అక్కా," అన్నాడు హనుమయ్య గొంతు తగ్గించి. "రమ మొహం చూడవే. రమ కోసమన్నా..."

శేషమ్మ తమ్ముణ్ణి చూడలేదు. రమాదేవినే చూసింది. ఈ పిల్ల ఒక్కమాట, ఒక్క తల ఊపు, వద్దంటే చాలు. సాయంత్రం దాకా కాదు, చచ్చేదాకా గొంతు నొక్కుకునే ఉంటుంది తను.

రమాదేవి గడప మీంచి లేచింది. పసుపు కాళ్ళతో పందిరి దాటి ఎండలోకి నడిచింది. "ఒసేయ్, ముట్టుకోవాకే!" అని మణెమ్మ వంటింట్లోంచి కేక పెట్టింది. ఇరవై రెండేళ్ళలో ఆమె అంత గట్టిగా అరవడం అదే మొదలు. పిల్ల ఆగలేదు. శివపార్వతి ఎదుట నిలబడి, రెండు చేతులూ చాచి, ఆ చెంబు అందుకుంది.

"పిన్నీ, నువ్వు కాస్త కూచో," అంది. తర్వాత మేనత్త వైపు తిరిగింది.

"ఏడువత్తా. నా పెళ్ళి కోసం ఆపుకోవాకు."

శేషమ్మ చేతిలో నల్లకోటు ఇంకా ఉంది. దాన్ని నేలమీద పడేసి, పందిరి రాటకి చేరగిలబడి, "ఓరి నా సీనయ్యా!" అని ఒక్కసారిగా గొంతు విప్పింది. విడిదింట్లో వాయిస్తున్న సన్నాయి సగంలో ఆగింది. వీధి అరుగుల మీద మనుషులు లేచి నిలబడ్డారు. రత్తయ్య కొట్టు ఆ వీధి మలుపులోనే ఉంది.

పందిట్లో చెన్నకేశవరావు తన చెప్పులు ఎక్కడ విడిచాడో వెతుక్కుంటున్నాడు.